సయాంలో తెలుగు మాట్లాడతారా?

వాసనలు జ్ఞాపకాలను మోసుకొస్తాయని రాసేవారిని నేను నమ్మను. వాసన అంటే గాలిలోకి లేచిన అణువులు. అవి ఏళ్ల తరబడి ఒక గుడ్డసంచిలో నా కోసం కాచుకొని కూర్చోవు. కాబట్టి ఈ మధ్య ఒక ఆదివారం, హోసూరులోని మా ఇంట్లో, నా భార్య అటక మీదినుంచి దించిన ఖాకీ సంచి మూతి విప్పగానే నాకు ఎండుచేపలు, మల్లెదండలు, పడవ ఇంజను పొగ కలిసిన వాసన తగిలిందంటే, అది కలరా ఉండల వాసనను నా మెదడు తప్పుగా చదువుకోవడమే తప్ప మరొకటి కాదు. ఆ మాటే పైకి అన్నాను. "మరి కండ్లెందుకు తుడుచుకుంటా ఉండారు?" అని అడిగింది ఆమె. దుమ్మని చెప్పాను. దుమ్ముకు ఆధారం ఉంది, అటక నిండా.

ఆ సంచి దిగడానికి కారణం నందిని. నా చెల్లెలి మనుమరాలు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. ఒంటరిగా, వీపున సంచి వేసుకొని బ్యాంకాక్ చూసి వస్తానని చెప్పి పోవడానికి వచ్చింది. ఆమె కొత్త సంచికి ఉన్న జిప్పులు చూస్తే ఏ వస్తువు ఏ అరలో ఉందో కనుక్కోవడానికే ఒక ప్రయాణం అవసరమనిపించింది. "ఏం తినాల, యాడ తినాల, ఎంతమంది బాగుందన్నారు, అన్నీ దీంట్లోనే ఉండాయి తాతా" అని ఫోను చూపించింది. బాగుందన్నవారందరూ ఒకే వంటను, ఒకే రోజు, ఒకే ఆకలితో తిన్నారా అని అడిగాను. ఆ పిల్ల నా భార్య వైపు చూసింది. "ఆయప్ప అంతేలేమ్మా. పొద్దున కాఫీకి కూడా సాక్ష్యం అడుగుతాడు" అని ఈవిడ ఓదార్చి, అటకెక్కి ఆ ఖాకీ సంచి తెచ్చి నందిని ముందర పడేసింది. "ఇది ఆ ఊరికి రెండుసార్లు పోయొచ్చిందమ్మా. దీన్నడుగు."

నందిని దాన్ని ఎత్తి చూసి, బరువెక్కువని కింద పెట్టి, ఫోటో తీసుకుంది. ఆ విధంగా సంచి మూడో ప్రయాణం తప్పించుకుంది. మొదటి ప్రయాణం మా చిన్నతాత తిమ్మరాయప్ప భుజం మీద. రెండోది నా వీపు మీద. మొదటిదాంట్లో విని వచ్చిన మాట తప్పని నిరూపించగలనేమో చూడడానికి రెండోది జరిగింది.

చిన్నతాత అంటే మా తాతకు తమ్ముడు. పెద్ద యుద్ధం ముగిసిన తరువాత పటాలంతో పాటు వంటవాడుగా సయాం వెళ్లి, కొన్ని నెలలుండి వచ్చాడని ఆయనే చెప్పేవాడు. బ్యాంకాక్ అన్న పేరు ఆయన నోట నేను వినలేదు. ఊరూ దేశమూ కలిపి సయామే. మా సొంత ఊరు అత్తిముగంలోని ఇంట్లో పెళ్లి చేసుకోకుండా మిగిలిపోయిన మనిషి ఆయన ఒక్కడే. ఆ ఇంట్లో మంచి గది పట్టుపురుగులది. మనుషులం వసారాలో తిని వసారాలో పడుకునేవాళ్లం. పురుగులు మల్బరీ ఆకు కొరుకుతున్న చప్పుడు పెంకుల మీద సన్నవానలా రాత్రీ పగలూ వినిపిస్తూ ఉండేది. అవి నాలుగో జ్వరం, అంటే పొర విడిచే నాలుగో నిద్ర, లేచి మేత మేస్తున్నన్ని దినాలు ఇంట్లో తాలింపు పెట్టకూడదని మా అవ్వ నియమం. ఘాటుకు పురుగులు ముడుచుకుంటాయట. ఈ ఒక్క నమ్మకాన్ని మాత్రం నేను ఎన్నడూ పరీక్షించలేదు. పరీక్ష విఫలమైతే పడే శిక్షను గురించి నాకు స్పష్టమైన అవగాహన ఉండేది.

సాయంత్రమైతే అవ్వ కుండను రెండు పాదాల మధ్య బిగించి, కట్టెతో రాగిపిండి గెలికేది. ఉడికిన ఆకుకూర నీళ్లు వంచి, ఆ నీళ్లతోనే బస్సారు కాచేది. ముద్ద, చారు మా ముందుకు వచ్చేవి. అప్పుడు చిన్నతాత తన తలాపున దాచుకున్న డబ్బా తెరచి, చిటికెడు చక్కెర, దాని మీద ఎండుకారం, ఆ పైన నిమ్మకాయ పిండుకొని కలిపేవాడు. చెడగొట్టడానికే చారు కాస్తున్నానన్న బాధ అవ్వకు ప్రతి సాయంత్రం కొత్తగానే కలిగేది.

"చారులో చక్కెరేసుకునేది యా ఊరి మర్యాదప్పా?"

"సయాం మర్యాద వదినా."

"ఆడనే ఉండిపోయింటే చక్కెరన్నా మిగిలేది."

సయాంలో కాలువల మీద పడవల్లో అంగళ్లు ఉంటాయని ఆయన చెప్పేవాడు; దాన్ని ఊరు సహించింది. అక్కడ చారులో చక్కెర వేసుకుంటారన్నదీ సహించింది. ఊరు సహించలేనిది మూడో మాట. సయాంలో తెలుగు మాట్లాడతారని ఆయన వాదన.

"సంతలో పోతా ఉంటే వెనకనించి 'అప్పా, అప్పా' అని పిలుస్తారు. ముసలామెను 'అమ్మా' అంటారు. ఇంకేం కావాల?" అనేవాడు.

మా నాయన ఒకసారి ఓపికగా అడిగాడు. "మిగతా మాటలేం మాట్లాడతారు చిన్నాయనా?"

"మిగతావి నాకు అర్థం కాలేదు."

"తెలుగైతే అర్థం కాకుండా ఎట్ల పోతుంది?"

"తళి పక్క మాట్లాడే తెలుగు నీకంతా అర్థమవుతుందా?"

తళిలో మా మేనత్త ఉండేది. ఆమె కన్నడంతో మొదలుపెట్టిన మాటను తెలుగులో తిప్పి అరవంతో ముగించేది. మా నాయన తిరిగి ముద్ద తినడంలో పడ్డాడు. ఈ వాదనలో లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నవ్వుకొని వదిలేసి ఉంటే ఇది వసారా ముచ్చటగానే మిగిలేది. కాని మా పొలం పక్క పొలం నంజుండప్పది. ఒక ఏడు ఆయన తన కంచెను ముందుకు జరిపి మా బండిదారిని మూసేశాడు. హద్దురాయి కంచెకు అవతలే ఉందని, దాన్ని పాతిన దినం తాను గడ్డపార పట్టుకున్నానని చిన్నతాత సాక్ష్యం చెప్పాడు. ఆ రాయి పాతిన సంగతి తెలిసినవాడు అప్పటికి ఆయన ఒక్కడే మిగిలాడు. పంచాయతీ పెద్ద శ్రద్ధగా విని, "సయాంలో తెలుగు మాట్లాడతారని చెప్పే మనిషి మాట మీద కంచె పెరికేది ఎట్లప్పా?" అన్నాడు. కూర్చున్నవారంతా నవ్వారు. ఆ నవ్వే తీర్పు. ఆనాటినుంచి చిన్నతాత చేతిలో కొడవలి పట్టుకొని చెరువు చుట్టూ తిరిగి పొలానికి పోయేవాడు. మా పక్క పోచంపల్లి పశువుల సంతలో ఎవరైనా ఎద్దు పళ్ల గురించి అబద్ధం చెబితే "ఇది సయాం తెలుగులే" అనడం అక్కడిదాకా పాకింది.

నేను రసాయనశాస్త్రం చదివి, హోసూరులో ఒక కర్మాగారం పరీక్షాశాలలో చేరాను. వచ్చిన సరుకు చీటీ మీద రాసినట్టే ఉందా లేదా అని చూడడం నా పని. ఆ పని మనిషికి ఒక దుర్గుణం అంటగడుతుంది: ఏ మాట విన్నా నమూనా తీసి చూడాలనిపిస్తుంది. నాకు దొరికిన తొలి పెద్ద సెలవుకు తోటివారు ఊటీ అన్నారు. నేను బ్యాంకాక్ అన్నాను. విశ్రాంతి కోసమని అందరికీ చెప్పాను. ఇంట్లో మాత్రం అసలు కారణం అందరికీ తెలుసు.

"అది తెలుగు కాదని తేలితే ఏం చేస్తావు?" అని మా నాయన అడిగాడు.

"కాదనే చెప్తాను."

మేము మాట్లాడుకుంటున్నది చిన్నతాత వసారా చివరినుంచి విన్నాడు. లేచి వెళ్లి తన ఖాకీ సంచి తెచ్చి నా ముందర పెట్టాడు. "అట్లే చెప్పప్పా. పోయి చూసొచ్చినోడు చెప్తే పడతాను. ఈడ కూర్చున్నోళ్లు చెప్తే పడను" అన్నాడు. ఆయన చివరి సాక్షిని ఆయనే పంపిస్తున్నాడు. ఆ సాక్షికి సాక్ష్యం మీద నమ్మకం లేదన్న సంగతి తెలిసే పంపిస్తున్నాడు.

ఆ కాలంలో ఒంటరిగా సంచి తగిలించుకొని దేశం తిరగడం తెల్లవారి అలవాటు. మనవాళ్లు ఏదైనా గుంపులో, గైడు ఎత్తిపట్టిన గొడుగు వెనుక, సొంత ఊరగాయతో వెళ్లేవారు. రైలు స్టేషను దగ్గరి ఒక విడిదిలో నాతో పాటు దిగిన తెల్ల కుర్రవాళ్లు నా గుంపు ఎక్కడ తప్పిపోయిందని జాలిగా అడిగారు. తెల్లవారి ఈ జాలితో నా అన్వేషణ మొదలైంది. నగరం నా అంచనాలను పట్టించుకోలేదు. బస్సులో కండక్టరమ్మ ఒక పొడవాటి రేకు గొట్టాన్ని టపటపలాడిస్తూ టిక్కెట్లు చింపేది. నదిలో పడవ రేవుకు చేరేటప్పుడు వెనుక నిలబడినవాడు ఈలతోనే పడవను నడిపేవాడు: ఒక ఈలకు వెనక్కి, ఒక ఈలకు ఆగు. ఆ భాష మాత్రం మొదటి పూటే నాకు అర్థమైంది. పెద్ద గుడి ముందర మూడు చక్రాల బండివాడొకడు, గుడి ఈ దినం మూత, వేరే చోటు చూపిస్తానన్నాడు. గోడ వెంట నడిచి వెళ్లి చూస్తే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నా జీవితంలో అంత తొందరగా తప్పని తేలిన వాదన మరొకటి లేదు. ఆ సాయంత్రమంతా నాకు చాలా ఉత్సాహంగా గడిచింది.

మొదటి రెండు వాదనలూ నన్ను ఇబ్బంది పెట్టాయి, ఎందుకంటే అవి నిజమయ్యాయి. కాలువల్లో పడవ మీద పొయ్యి పెట్టుకొని ఒక ముసలమ్మ సేమ్యాల వంటి వంటకం అమ్ముతూ నా ముందరినుంచే వెళ్లిపోయింది. వీధి పక్క బల్లల మీద ఎక్కడ చూసినా నాలుగు చిన్న గిన్నెలు: ఎండుకారం, పుల్లనీళ్లలో నానిన మిరపకాయలు, చేపలు ఊరబెట్టి తీసిన ఉప్పునీళ్లు, నాలుగోది చక్కెర. సూట్లు తొడుక్కున్న బ్యాంకు ఉద్యోగులు చారులో చక్కెర వేసుకొని, కారం చల్లి, పులుపు పోసి, మా వసారాలో కూర్చున్నట్టే కూర్చొని తింటున్నారు. నేనూ వేసుకున్నాను. బాగుంది. అవ్వకు చెప్పరాదని నిశ్చయించుకున్నాను.

ఇంకొంచెం చారు కావలసి, అంగడామెను మా పద్ధతిలో పిలిచాను. మా పక్క ఏ ఆడమనిషినైనా, పూలమ్మే పిల్లనుంచి కలెక్టరమ్మ దాకా, "ఏం మా" అనో, దూరంగా ఉంటే గొంతు ఎగదీసి "మా!" అనో పిలుస్తాం. అందులో ఉన్నది గౌరవమే. ఆమె నా వైపు చూడలేదు. బల్ల కిందికి వంగి చూసింది. అక్కడ ఒక కుక్క నిద్రపోతోంది. నేను మళ్లీ, ఇంకా గౌరవంగా, ఇంకా ఎగదీసి పిలిచాను. బల్లల చుట్టూ ఉన్నవాళ్లంతా తినడం ఆపారు. ఆమె కుక్కను తరిమేసి, నాకు క్షమాపణ చెబుతున్నట్టు నవ్వింది. తరువాత మా విడిది యజమానురాలు, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడే ఒక లావుపాటి పెద్దావిడ, పొట్ట పట్టుకొని నవ్వి వివరించింది. అక్కడ "మా" అని సమంగా పలికితే రమ్మనడం; గొంతు పైన నిలిపితే గుర్రం; కిందినుంచి ఎగదీస్తే కుక్క. మూడింటిలో నేను ఎంచుకున్నది మూడోది. ఇది తెలుగు కాదనడానికి ఇంతకన్నా ఆధారం అవసరం లేదని రాసుకోదగిన క్షణం అది.

అయినా ప్రధానమైన పరీక్ష మిగిలే ఉంది గనుక సంతలన్నీ తిరిగాను. పూలసంత, పండ్లసంత, గుడ్డలసంత. చెవులు తప్ప మరి దేనితోనూ పని లేని మనిషిగా తిరిగాను. ఎవరూ "అప్పా" అనలేదు. దినాలు గడిచేకొద్దీ ఒక విషయం గమనించాను: నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది. తెలుగు ఒక్క మాట కూడా ఎవరితోనూ అనకుండా, ఎవరినుంచీ వినకుండా ఉండడం నాకు అదే మొదలు. మా పక్క మూడు భాషల మధ్య పుట్టినవాళ్లకు భాష నీళ్లలాంటిది, కొళాయి ఎటు తిప్పినా ఏదో ఒకటి వస్తుంది. అక్కడ రాలేదు. స్నానాల గదిలో నాతో నేనే "ఏమప్పా, ఎట్లుండావు?" అనుకోవడం మొదలుపెట్టాను. జవాబూ నేనే చెప్పాను. ఇది పరీక్షకుడికి తగిన నడత కాదని తెలుసు.

చైనానుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన వ్యాపారుల పేటలో ఒక సందు ఉంది. రెండు వైపులా గుడ్డలు, బొత్తాలు, జరీదారాలు. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ఎండు సొరచేపల వాసన, అగరువత్తుల పొగ. ఆ ఇరుకులో, ఆ సంచితో, అందరికీ అడ్డమవుతూ నేను నడుస్తుండగా నా వెనుకనుంచి ఒక ఆడగొంతు, స్పష్టంగా, కాస్త విసుగుతో పిలిచింది.

"ఆప్పా!"

నేను తిరిగాను. ఆలోచించి తిరగలేదు, నా భుజాలు తిరిగిన తరువాత నా ఆలోచన తిరిగింది. నోట్లో "ఆ, వస్తా ఉండాను" అన్న మాట సగం దాకా వచ్చేసింది. నా వెనుక ఒక నడివయసు స్త్రీ, నా భుజం మీదుగా, అంగడి గడపలో గుడ్డ తాను కొలుస్తున్న తన ముసలి తండ్రిని పిలుస్తోంది. ఆయన పలికాడు. లోపలినుంచి ఇంకెవరో ముసలామెను "ఆమా" అన్నారు. నేను దారికి అడ్డంగా అక్కడే నిలబడిపోయాను; సంచి తగిలి ఒక బొత్తాల బుట్ట ఒరిగింది. తిరిగి వెళ్లి అడిగితే, మా విడిది యజమానురాలిదీ ఆ చైనా వంశమే. తమ ఇండ్లలో తండ్రి "పా", నాయనమ్మ "మా" అని, ప్రేమగా పిలిచేటప్పుడు దాని ముందర "ఆ" చేరుస్తామని ఆమె చెప్పింది. అంటే వాదన తప్పు, విన్నది నిజం. ఇటువంటి ఫలితానికి మా పరీక్షాశాల చీటీలో గడి లేదు.

నేను తిరిగి వచ్చిన దినం అత్తిముగంలో మా వసారా నిండింది. నంజుండప్ప కూడా వచ్చాడు, కంచె తరఫున. పడవల మాట నిజమన్నాను. చక్కెర మాట నిజమన్నాను; అవ్వ మొహం తిప్పుకుంది. భాష దగ్గరికి వచ్చేసరికి నేను నేర్చిన క్రమంలో, శబ్దసామ్యం వేరు, భాషాసంబంధం వేరని, ఆ మాట వాళ్ల ఇంటిమాట అని, అది తెలుగు కాదని చెప్పాను.

"కాదంటాడు కదప్పా" అన్నాడు నంజుండప్ప. "నేను చెప్పలేదా? చదివినోడే కాదంటాడు."

నవ్వు మొదలయ్యేలోగా చిన్నతాత చెయ్యెత్తాడు. "అది ఉండనీ. ఆ పిలుపు నీకు వినపడిందా?"

"వినపడింది."

"తిరిగి చూసినావా?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. "చూసినాను" అన్నాను.

"నేనూ చూసినానప్పా. దినామూ చూస్తా ఉంటిని" అన్నాడు. తన డబ్బా దగ్గరికి తీసుకొని మూత బిగించుకున్నాడు.

వసారాలో ఎవరికీ నవ్వు రాలేదు. చక్కెర విషయంలో ఓడిపోయిన మా అవ్వ కుండ దగ్గరినుంచి లేచి నిలబడింది. "సయాం పోయి చూసేదానికి విమానం దొరికింది. ఆ హద్దురాయి కాడికి పోయేదానికి మీకెవురికీ చెప్పుల్లేవా?" అంది.

ఒక మాట నిజమో కాదో తేల్చడానికి నేను సముద్రం దాటాను. రాయి మా ఇంటినుంచి పిలిస్తే వినపడేటంత దూరంలో ఉంది. ఊళ్లో ఒక్కరికీ, నాకు మొదలుకొని, అది చూడాలని తోచలేదు. మరునాడు పొద్దున మా నాయన, నేను, వెనుక సగం ఊరు కంచె దాటి వెళ్లి పొదలు కొట్టాం. రాయి ఆయన చెప్పిన చోటే ఉంది, ఒక పక్కకు ఒరిగి. నంజుండప్ప ఏమాత్రం తడబడలేదు. "రాయి ఉండాది లేప్పా, నేను లేదన్నానా? ఆయప్ప మాట మీద ఎట్ల నమ్మేదని కదా అన్నాను" అన్నాడు. తర్కం ప్రకారం అందులో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ వీలు కాలేదు. బండి పట్టేంత మేర కంచె తీశాడు. ఊరు మాత్రం తన వంతుగా నాకు "సయాం సారు" అని పేరు పెట్టింది. చిన్నతాత దారి తెరిచాక కూడా చెరువు చుట్టూ తిరిగే పొలానికి పోయేవాడు. ఎందుకని అడిగితే, "అలవాటైపోయిందప్పా, ఆ పక్క గాలి బాగుంటుంది" అనేవాడు. గాలి రెండు పక్కలా ఒకటే. ఆ మాట ఆయనతో అనలేదు.

ఇప్పుడు ఆ పొలాల్లో గులాబీల కోసం ప్లాస్టిక్ పందిళ్లు లేచాయి. పట్టుపురుగుల గది అద్దెకిచ్చాం. అందులో ఫ్యాక్టరీ పిల్లలు ఉంటున్నారు, తాలింపులు నిరభ్యంతరంగా పెట్టుకుంటున్నారు. ఊళ్లో ఏ మాట నిజమో చెప్పడానికి ప్రతివాడి చేతిలో ఒక యంత్రం ఉంది. తేలిన నిజాలు పెరిగాయనడానికి నాకు ఆధారం దొరకలేదు. బ్యాంకాక్ చేరిన నందిని అక్కడినుంచి వీడియోలో పిలిచింది. అదే పేట, అదే సందు కావచ్చు. పేరు సరిచూసుకోవడానికి వీలు కాలేదు. రెండు చెవుల్లోనూ ఏవో బిరడాలు పెట్టుకొని ఉంది.

"అంతా సూపర్‌గా ఉండాది తాతా. నువ్వు చెప్పిన 'అప్పా' మాత్రం యాడా వినపడలేదు."

"చెవుల్లోవి తీయమ్మా."

"తీస్తే నీ మాటెట్ల వినేది?" అని నవ్వి, తీసి, ఫోను గొంతు పెంచి, సందు నాకు కనిపించేలా చెయ్యి పైకెత్తింది. జనం, గుడ్డలు, ఒక తోపుడుబండి. ఆ గోలలోనుంచి ఎవరో, కాస్త విసుగుతో, ఎవరినో పిలిచారు. నందిని తల తిప్పలేదు. ఫోను వైపే చూస్తూ, "ఏమి తాతా, ఎవరొచ్చినారు?" అని అడిగింది.

అప్పుడు చూసుకున్నాను. హోసూరులో, మా హాలులో, నేను వాకిలి వైపు తిరిగి ఉన్నాను.

"ఎవరూ లేదమ్మా" అన్నాను. అని, ఫోను బల్ల మీద పెట్టి, లేచి వెళ్లి చూసి వచ్చాను.